బల్లార్షా ఎండల ఆక్సోలోటల్: ట్యాంకు సల్లగ ఉంచుడు ఎట్ల, ఫ్యాన్ ఎప్పుడు బంద్ చెయ్యాలె

మాది మహారాష్ట్రల బల్లార్షా. చంద్రపూర్ జిల్లా ఎండల గురించి తెలిసినోళ్ళకు చెప్పేదేం లేదు, తెలియనోళ్ళకు ఒక్క ముక్క, మే నెల్ల 45 దాటుడు ఇక్కడ వార్త కాదు, 47 అంటేనే జర తలెత్తి చూస్తం. గిసొంటి ఊర్ల, మెక్సికో దేశంల 2,200 మీటర్లకు పైన ఎత్తుల ఉన్న షోచిమిల్కో కాలువల సల్లటి నీళ్ళల్ల పుట్టే ఆక్సోలోటల్‌ను, అంటే తోక, బయటికి ఈకల లెక్క మొప్పలు ఉండి బతుకంతా నీళ్ళల్లనే గడిపే, కప్పలకు చుట్టమైన జీవాన్ని తెచ్చి గాజు పెట్టెల పెట్టుకున్నోన్ని ఏమనాలె? మా అమ్మ ఏమనాల్నో అది అన్నది, ఇక్కడ రాయను.

నేను కొనలేదు అసలు. మా అన్న బిడ్డ హాస్టల్‌కు పోతూ "కాకా రెండు నెలలు చూస్కో" అని ట్యాంకు నా మీద పెట్టి పోయింది, రెండు నెలలు కాస్తా మూడేండ్లు అయింది. ఈ మూడేండ్లల్ల ఏది పనిచేస్తదో ఏది ఉత్తదో తెలిసింది, అది రాస్తున్న. మనసొంటి ఊర్లల్ల, అంటే ఇటు రాజురా, గడ్‌చాందూర్, సిరొంచా, అటు కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ దిక్కు ఉన్నోళ్ళకు ఇది ఎక్కువ పనికొస్తది, ఎందుకంటే ఇంటర్నెట్ల ఉన్న సలహాలన్నీ గది 25 డిగ్రీలు ఉండే దేశాలోళ్ళు రాసినయి.

ముందు దానికేం కావాల్నో చెప్త. 16 నుంచి 18 డిగ్రీలుంటే హాయిగ ఉంటది, 20 దాకా పర్వాలేదు, 22 దాటితే మనం కదలాలె, 24 పైన రోజులు గడిస్తే అది బాధ పడ్తున్నట్టే. వేడి నీళ్ళు దాన్ని మూడు దిక్కుల కెల్లి కొడ్తయ్. ఒకటి, నీళ్ళల్ల ఆక్సిజన్ తగ్గుతది, 18 దగ్గర లీటరుకు తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్ళు 28 దగ్గర 7.8 మాత్రమే పడ్తయ్. రెండు, అదే టైముకు దాని ఒంట్ల ఆకలి, అరుగుదల, శ్వాస అన్నీ స్పీడ్ అయి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలంటది. మూడు, దాని పెంటకెల్లి వచ్చే అమోనియా వేడి నీళ్ళల్ల ఎక్కువ విషమైతది. అందుకే ఎండకాలం చచ్చిన ఆక్సోలోటల్‌ను చూసి ఫంగస్ వచ్చింది, ఇన్‌ఫెక్షన్ వచ్చింది అంటరు గని దానికి ముందు నడిచిన కథ వేడిదే ఉంటది ఎక్కువ సార్లు.

థర్మామీటర్ లేకుండ ఇదేం మొదలుపెట్టొద్దు. వైరు చివర గుండు ఉండే డిజిటల్‌ది తీస్కోండి, గుండు నీళ్ళ మీద తేల్తట్టు కాదు, అది పండుకునే అడుగున పెట్టండి. ఈ అగ్గువ థర్మామీటర్లు ఒకటి రెండు డిగ్రీలు అబద్ధం చెప్తయ్. చెక్ చేసుడు అల్కనే, గ్లాసు నిండ దంచిన ఐస్ వేసి అది మునిగేంత నీళ్ళు పోసి కలిపి గుండు ముంచితే సున్నా చూపియ్యాలె, ఒకటిన్నర చూపిస్తే ఎప్పుడైనా ఒకటిన్నర తీసేసి చదువుకోండి.

ఇగ అసలు ముచ్చట, ఫ్యాన్. కంప్యూటర్ల వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు ట్యాంకు అంచుకు బిగించి గాలి నీళ్ళ మీద ఏటవాలుగ పోయేటట్టు పెడ్తరు. గాలి నీళ్ళను సల్లగ చెయ్యదు, నీళ్ళు ఆవిరైతేనే సల్లగైతయ్. ఎంత సల్లగ అంటే లెక్క చూడండి. నా ట్యాంకు మూడు అడుగుల పొడుగు, 15 ఇంచుల ఎడల్పు, నీళ్ళు 12 ఇంచుల ఎత్తు, సుమారు 106 లీటర్లు. ఫ్రీజర్ల గడ్డకట్టిన లీటరు సీసా ఒకటి అండ్ల వేస్తే మొత్తం కరిగి ట్యాంకు వేడికి వచ్చేదాకా తగ్గేది ఒక్క డిగ్రీ, అంతే. అదే ట్యాంకుల కెల్లి ఒక్క లీటరు నీళ్ళు ఆవిరైతే ఐదారు సీసాల ఐసు చేసే పని చేస్తది. ఎండకాలం నా ట్యాంకు రోజుకు మూడు నాలుగు లీటర్లు గాలికి ఇచ్చుకుంటది, అంటే పైసా కరెంటుతోటి ఇరవై సీసాల ఐసు వేసినట్టు. నేను మొదటి మే నెల్ల ఇది చూసి మురిసిపోయిన, గది 37 ఉంటే నీళ్ళు 25కు దిగినయ్, గెలిచిన అనుకున్న.

మిరుగు వచ్చింది, రెండు వానలు పడ్డయ్, ఊరంతా హమ్మయ్య అన్నది, గది 31కి వచ్చింది, నేను సుత హమ్మయ్య అని ట్యాంకు దిక్కు చూసుడు తగ్గించిన. జులై మొదటి వారంల ఒకరోజు పొద్దుగాల చూస్తే మొప్పల ఈకలు ముందుకు వంగి ఉన్నయ్, తోక కొస కొక్కెం లెక్క చుట్టుకున్నది, ముందురోజు వేసిన ఎర్ర (వానపాము) ముక్క అట్లనే పడి ఉబ్బి ఉంది. థర్మామీటర్ 28.5. గది ఆరు డిగ్రీలు సల్లబడితే ట్యాంకు మూడున్నర డిగ్రీలు వేడెక్కుడేంది, మీటర్ ఖరాబైంది అనుకుని ఐస్ గ్లాసుల పెట్టి చూసిన, మంచిగనే ఉంది.

నాకు సమజైంది మా అమ్మ రంజన్ దగ్గర, అంటే తాగే నీళ్ళ మట్టికుండ దగ్గర. ఎండకాలం మా ఇంట్ల రంజన్‌కు తడి గోనె సుట్టి పెడ్తరు, వానలు పడ్డాక తీసేస్తరు. ఎందుకు తీస్తవే అంటే "ముసురుల గోనె ఆరుతదారా? ఆరకపోతే నీళ్ళేం సల్లగైతయ్" అన్నది. గంతే ఉంది కథ. మే నెల గాలి ఎండుకపోయి ఉంటది, నీళ్ళను గుంజుకుంటది. జులై గాలి అప్పటికే కడుపు నిండి ఉంటది, ఎంత ఫ్యాన్ తిప్పినా తాగదు.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది, ఇల్లు కదలకుండ చెయ్యొచ్చు. ఇంకో థర్మామీటర్ గుండుకు సన్నటి నూలుబట్ట సుట్టి, గది వేడికి వచ్చిన నీళ్ళల్ల తడిపి, ఫ్యాన్ ముందట పట్టుకోండి, అంకె దిగి దిగి ఒక దగ్గర ఆగుతది. ఆవిరితోటి నీళ్ళు దిగగలిగే అట్టడుగు అదే. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ట్యాంకు ఆ అంకె కిందికి దిగదు, నిజానికి దానికి జర పైననే ఆగుతది, ఎండకాలమైతే మూడు నాలుగు డిగ్రీలు పైన, గాజుల కెల్లి వేడి లోపటికి వస్తనే ఉంటది కాబట్టి. రోహిణి కార్తెల మా ఇంట్ల తడిబట్ట 21 చూపిస్తది, జులైల 27, 28. రోళ్ళు పగిలే ఎండల కంటే ముసురుల ట్యాంకు ఎందుకు ఎక్కువ వేడిగున్నదో ఈ రెండు అంకెలు చూస్తే ఎవలైనా చెప్తరు.

ఇంకో సంగతి సుత ఇండ్లనే ఉంది, ఇది నేను చిల్లర్, అంటే ట్యాంకు నీళ్ళను సల్లబరిచే మిషన్, తెచ్చినంక నేర్చుకున్న. ట్యాంకు నీళ్ళు తడిబట్ట అంకె కంటే కిందికి దిగినయంటే ఫ్యాన్ ఉల్టా పనిచేస్తది. నీళ్ళు 18, తడిబట్ట 27 ఉన్నప్పుడు ఫ్యాన్ ఆ వేడి తేమగాలిని తెచ్చి సల్లటి నీళ్ళ మీద రుద్దుతది, గాల్లున్న ఆవిరి నీళ్ళ మీదనే నీళ్ళై పడి దాని వేడంతా ట్యాంకుకు ఇస్తది. ఐస్ నీళ్ళ చెంబు బయట చెమట పడుతది సూడండి, అదే. నేను ఒక వారం చిల్లర్, ఫ్యాన్ రెండూ నడిపి కరెంటు కాల్చుకుంట చిల్లర్ ఆగుతనే లేదేంది అనుకున్న. కాబట్టి రోజూ పొద్దుగాల ఒకసారి తడిబట్ట చూడండి, ట్యాంకు దానికంటే పైన ఉంటే ఫ్యాన్ వేయండి, మూత తీయండి. కింద ఉంటే ఫ్యాన్ బంద్ చేసి మూత పెట్టేయండి.

మూత తీస్తే జాలి బిగించుడు మర్చిపోకండి, ఇవి ఎగురుతయ్. ఫ్యాన్ వైరు నేరుగ ప్లగ్గుకు పోకుండ మధ్యల కిందికి వేలాడేటట్టు ఒక వంపు ఇయ్యండి, నీటి చుక్క జారినా వంపు కాడ కింద పడ్తది గని బోర్డుల పోదు.

ఆవిరైన నీళ్ళ జాగల ఏం పోయాలె అనేది సుత ముఖ్యం. ఆవిరయ్యేది నీళ్ళే, అండ్లున్న ఉప్పులు, సున్నం అన్నీ ట్యాంకులనే మిగుల్తయ్, మళ్ళ బోరు నీళ్ళే పోస్తే నెల తిరిగేసరికి గాజు అంచు మీద తెల్లటి గీత కడ్తది, నీళ్ళు గట్టిపడ్తయ్. ఆవిరైన మందం ఆర్వో నీళ్ళు పోయండి, వారంల ఒకసారి ఐదో వంతు నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్ళు, ఎందుకంటే దీనికి ఉత్త ఆర్వో నీళ్ళు పనికిరావు, జర గట్టి నీళ్ళే పడ్తయ్. నల్లా నీళ్ళైతే క్లోరిన్ తీసే మందు కలపాలె. ఎండకాలం మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చెయ్యి పెట్టనీయవు, తెల్లారి ఐదింటికి బకెట్ల పట్టి పెట్టుకొని ట్యాంకు వేడితోటి సమానమైనంకనే పోయండి. నీళ్ళు మార్చుడంటే ట్యాంకు మూడు డిగ్రీలు వేడెక్కుడు కావొద్దు.

జాగ గురించి. పైన అంతస్తుల స్లాబు కింద గది అస్సలు వద్దు, పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి పన్నెండు దాకా కక్కుతది. కింది ఇల్లు, ఉత్తరం దిక్కు గోడ, పొయ్యికి దూరం. షాబాద్ బండల మీద నేరుగ పెడితే సల్లగుంటదని నేనూ అనుకున్న, కాలికి సల్లగ తగుల్తది గని కొలిస్తే ఎండకాలం బండ 30 ఉంటది, 20 డిగ్రీల నీళ్ళకు అది పెనమే. బలమైన స్టాండ్, దాని మీద ఇంచు మందం థర్మకోల్, దాని మీద ట్యాంకు. వెనక, రెండు పక్కలు సుత థర్మకోల్ అతికించండి, ముందటి గాజు ఒక్కటి చూస్కోనీకి చాలు. అన్నిటికంటే అగ్గువ పని ఇది, అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఇదే.

లోపల వేడి పుట్టించే సామాన్లు తీసేయండి. నీళ్ళల్ల మునిగే పంపు 15 వాట్లదైనా ఆ 15 వాట్లు నీళ్ళల్లనే వేడైతయ్, బయటికి పోయే దారి లేకుంటే నా ట్యాంకును రోజుకు మూడు డిగ్రీలు పెంచుతది. ఎయిర్ పంపుతోటి నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు, దీనికి గట్టి ధార సుత గిట్టదు. ఎయిర్ పంపు నీళ్ళ మట్టం కన్న పైన పెట్టండి, లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపుల కెల్లి పంపులకు దిగుతయ్. లైటు దీనికి అక్కర్లే. అడుగున గులకరాళ్ళు వేయకండి, మింగుతది, కడుపుల ఇరుక్కుంటయ్. సన్నటి ఇసుక లేదంటే ఉత్త గాజు.

ఆ గదిల దోమల మందు ప్లగ్గు పెట్టొద్దు. అండ్లుండే మందు జలచరాలకు విషం, ఎయిర్ పంపు ఆ గాలినే గుంజి నీళ్ళల్లకు బుడగలు బుడగలుగ పంపుతది. దోమతెర కట్టుకోండి.

కూలర్ ఉన్న గదిల పెట్టొచ్చునా అని అడుగుతరు. పెట్టొచ్చు, కిటికీ తీసి ఉంటే. కూలర్ గాలి తేమగ ఉంటది కాబట్టి ఆవిరి జర తగ్గుతది, గని గది 37 కాకుండ 28 ఉంటది కాబట్టి గాజుల కెల్లి వచ్చే వేడి సుత తగ్గుతది. తలుపులు కిటికీలు మూసి కూలర్ వేస్తే మాత్రం గది ముసురు లెక్కనే తయారైతది, మనకూ చెమటలు, దానికీ తిప్పలు.

ఐస్ సీసాలు ఎట్ల వాడాలె అంటే, విడి ఐసు వేయొద్దు, మూత గట్టిగున్న సీసాలల్లనే. పొద్దుగాల రెండు లీటర్ల సీసాలు రెండు పడేసి ఆఫీసుకు పోతే ట్యాంకు పది గంటలకు 18, సాయంత్రానికి 24, ఈ ఎక్కుడు దిగుడు సుత దానికి చెడ్డదే. అర లీటరు సీసాలు ఎక్కువ పెట్టుకొని నాలుగైదు గంటలకొకటి రెండు మార్చండి, గంటకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ దిగనీయకండి. మే నెల్ల ఫ్యాన్ తోటి 25కు వచ్చిన నీళ్ళను సీసాలు 22 దాకా లాగుతయ్, ఎట్లనో గట్టెక్కుతం. జులైల సీసాలతోటే నడిపిస్త అంటే ఈ లెక్క వినండి. గది 30, ట్యాంకు 20 ఉంచాలె, థర్మకోల్ కట్టి మూత పెట్టినా రోజుకు ఎనిమిది పది లీటర్ల ఐసు కావాలె. మామూలు ఇంటి ఫ్రిజ్ రోజూ అంత గడ్డకట్టించలేదు, ఒకవేళ కట్టించినా ఇంట్లోళ్ళు మనల్ని బయట పెడ్తరు.

అందుకే ఇష్టం లేకపోయినా సెప్త, మన దిక్కు చిల్లర్ అన్న ఉండాలె లేదంటే రోజంతా నడిచే ఏసీ గదన్న ఉండాలె. రెండూ లేకుంటే దీన్ని తెచ్చుకోకండి, చేపలు పెంచుకోండి, వేడి తట్టుకునేవి మస్తున్నయ్.

చిల్లర్లల్ల రెండు రకాలు. చిన్న డబ్బా లెక్క ఉండి, కంప్రెసర్ లేకుండ కరెంటు బిళ్ళతోటి సల్లబరిచే, అగ్గువకు వచ్చేది పెల్టియర్ రకం, ఫ్రిజ్ లెక్క కంప్రెసర్ ఉండేది రెండోది. మొదటిది చిన్న ట్యాంకు, సల్లటి గది అయితే సరే, మన 35 డిగ్రీల గదిల వంద లీటర్లకు అది ఆనదు. నాకు ఒక దుకాణపాయన అదే చాలంటూ అంటగట్టిండు, నెల రోజులు తిరిగి తిరిగి రెండు డిగ్రీలు తగ్గించింది. కంప్రెసర్‌దే తీస్కోండి, పైసలు ఎక్కువైనా. అది నీళ్ళల్ల కెల్లి తీసిన వేడిని గదిలకే ఊదుతది కాబట్టి గోడకు ఆనించకుండ, కిటికీ దగ్గర, వెనక జానెడు రెండు జానెల్లు ఖాళీ ఉంచి పెట్టండి. 18కి ఆగి 19కి లేచేటట్టు సెట్ చేయండి. తిరిగొచ్చే నీళ్ళ పైపుకు చిల్లులున్న అడ్డపైపు తగిలించి గోడ దిక్కు తిప్పితే ధార మెత్తబడ్తది. చిన్న ఫ్రిజ్ల పైపు చుట్టలు పెట్టి చిల్లర్ చేస్తమని వీడియోలున్నయ్, నా దోస్తు ఒకాయన చేసిండు, ఫ్రిజ్ ఆగకుండ నడిచి నడిచి పానం మీదికి తెచ్చుకున్నది గని నీళ్ళు సల్లబడలే.

అంతా చేసినా ఒక్కోసారి కరెంటు పోతది, చిల్లర్ ఖరాబైతది, 27 చూపిస్తది. అప్పుడు ఫ్రిజ్ డబ్బా. మూతకు చిల్లులున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాల ట్యాంకు నీళ్ళే పోసి, జీవాన్ని అండ్లకు మార్చి, ఫ్రిజ్ కింది అరల పెట్టండి. సల్లటి నీళ్ళల్ల డైరెక్టుగ వేయొద్దు, దాని నీళ్ళు దానితోటే మెల్లగ సల్లబడాలె. ఫ్రిజ్ లోపల 5 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. రోజుకొకసారి క్లోరిన్ తీసిన నీళ్ళు ఒక సీసాల పోసి ఫ్రిజ్లనే సల్లబరిచి పెట్టుకొని మార్చండి. ఆ సలికి అరుగుదల మందగిస్తది కాబట్టి మేత వేయకండి. ఆ జులైల నేను ఇదే చేసిన, ఐదు రోజులు. మూడో రోజుకు తోక కొస సాపయింది. మా అమ్మ ఐదు రోజులు పక్కింటోళ్ళ ఫ్రిజ్ల పాలు పెట్టొచ్చింది, మన ఫ్రిజ్ తెరువనన్నది. బయటికి తీసేటప్పుడు సుత డబ్బాను గదిల పెట్టి మెల్లగ ట్యాంకు వేడికి రానిచ్చి వదలండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఇన్వర్టర్ మీద చిల్లర్ నడవదు అనుకోండి, ఎయిర్ పంపు మాత్రం తప్పకుండ దాని మీద వేయండి. మూత పెట్టి ఉండి థర్మకోల్ మంచిగుంటే 18 ఉన్న నీళ్ళు మూడు నాలుగు గంటలల్ల డిగ్రీ, డిగ్రీన్నర కంటే ఎక్కువ ఎక్కవు, గాలి ఆగితేనే ప్రమాదం.

కాగితాల సంగతి ఒకటుంది. ఇది సైటిస్, అంటే ప్రమాదంల ఉన్న జీవాల్ని దేశాల నడుమ అమ్ముడు కొనుడు మీద కట్టడి పెట్టే ఒప్పందం, దాని రెండో అనుబంధంల ఉన్న జీవం. 2022ల వన్యప్రాణి సంరక్షణ చట్టం సవరించినంక ఇసొంటి విదేశీ జీవాల్ని పెంచేటోళ్ళు నమోదు చేయించుకోవాలె, 2024ల వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్ల చేస్తరు. అమ్మినోని దగ్గర బిల్లు తీస్కొని దాచుకోండి.

ఊరికి పోయేదుంటే పెద్దదైన ఆక్సోలోటల్ 18 డిగ్రీల నీళ్ళల్ల నాలుగైదు రోజులు మేత లేకున్నా ఉంటది, పక్కింటోళ్ళకు మేత పని అప్పజెప్పకండి, వాళ్ళు పాపం ఆకలిగున్నదని గుప్పెడు వేస్తరు, అది కుళ్ళి నీళ్ళు ఖరాబైతయ్. నేను ట్యాంకు మీద తెలుగుల ఒక కాగితం, మరాఠీల ఒక కాగితం అతికించి పోత, మేత వేయొద్దు, మూత తీయొద్దు, అంకె 22 దాటితే ఫోన్ చేయండి అని. మొన్న పక్కింటాయన ఫోన్ చేసిండు, చూస్తే ఆయన చూసింది గది థర్మామీటర్ అంకె. అప్పటి నుంచి నీళ్ళ థర్మామీటర్ సుట్టు ఎర్ర టేపు వేసిన.